వేలిముద్ర నుంచి చేతిరాత దాకా

చరిత్ర అనగానే మనకు కోటలు, రాజులు గుర్తుకొస్తారు. వింజమూరు నుంచి పడమరగా పోతే ఉదయగిరి కొండ కనిపిస్తుంది. ఆ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి గెలుచుకున్నారని మన పిల్లలందరూ పరీక్షల కోసం బట్టీ పడతారు. అదే కొండ చుట్టూ అడవిలో తేనె తీసినవాళ్ళు, దుంపలు తవ్వినవాళ్ళు, చెరువుల్లో చేపలు పట్టినవాళ్ళు, పొలాలకు రాత్రి కాపలా ఉన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళు మన తాతల తాతలు. వాళ్ళ సంగతి పాఠంలో ఉండదు. వాళ్ళు బతకలేదా? బతికారు. వాళ్ళ సంగతి వాళ్ళ చేత్తో రాసిన కాగితం లేదు, అంతే.

ఈ సంచికలో మన ఆటలు, పాటలు, పండుగల గురించి పెద్దలు రాశారు. మేము వసతి గృహంలో పిల్లల మధ్య ఉండేవాళ్ళం కాబట్టి, వాళ్ళ దగ్గర రోజూ వినే మాటతో మొదలుపెడతాం. "మాకేం తెలుసని రాయాలి మేడం?" అంటారు. పదో తరగతి పిల్లలే కాదు, డిగ్రీ చదివి వచ్చినవాళ్ళూ అదే అంటారు. మన యానాది, ఎరుకల, సుగాలి పిల్లలు మాట్లాడమంటే గంటలు గంటలు మాట్లాడతారు. కాగితం ముందు పెడితే చెయ్యి ఆగిపోతుంది. ఈ బెరుకు ఎక్కడి నుంచి వచ్చింది, దీన్ని దాటినవాళ్ళు ఎలా దాటారు అన్నది కూడా చరిత్రే. అది మన యువత తెలుసుకోవాల్సిన చరిత్ర.

మన పేర్లు మొదట ఎక్కడ ఎక్కాయి?

తెల్లదొరల ప్రభుత్వం 1871లో నేరజాతుల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేసింది. ఒక కులంలో పుట్టడమే నేరం అన్నట్టుగా కొన్ని జాతుల వాళ్ళ పేర్లు రిజిస్టర్లలో ఎక్కించి, వేలిముద్రలు తీసుకుని, ఊరు దాటాలన్నా పోలీసులకు చెప్పి పోవాలనే ఏర్పాటు చేశారు. మన ప్రాంతంలో ఎరుకల వాళ్ళతో పాటు యానాదుల మీదా ఆ చట్టం నీడ పడింది. కావలిలో, బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో సెటిల్‌మెంట్లు పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. ఆ రోజును ఇప్పటికీ చాలాచోట్ల విముక్త జాతుల దినంగా జరుపుకుంటున్నారు.

ఒక్క క్షణం ఆలోచించండి. మన పెద్దల్లో ఎంతోమంది పేరు మొట్టమొదట కాగితం మీదికి ఎక్కింది బడి రిజిస్టరులో కాదు, ఠాణా రిజిస్టరులో. వాళ్ళ చేయి మొట్టమొదట సిరాలో మునిగింది అక్షరం దిద్దడానికి కాదు, వేలిముద్ర వేయడానికి. కాగితమంటే పట్టుకుపోయేది, అప్పు కట్టమనేది, సంతకం పెట్టించుకుని భూమి తీసుకునేది అన్న భయం తరాలుగా ఇళ్ళలో ఉంది. కాబట్టి మన పిల్లకు తెల్లకాగితం చూస్తే బెరుకు కలిగిందంటే అది ఆ పిల్ల తెలివితక్కువ కాదు. దాని వెనక ఇంత చరిత్ర ఉంది.

మన గురించి పుస్తకాలు లేవా అంటే ఉన్నాయి. ఎడ్గార్ థర్‌స్టన్ అనే ఇంగ్లీషు అధికారి కె. రంగాచారి సాయంతో దక్షిణ భారతదేశపు కులాలు, తెగల గురించి 1909లో 7 సంపుటాలు అచ్చు వేయించారు. అందులో యానాదుల మీద, ఎరుకల మీద పేజీలకు పేజీలున్నాయి. ఏం తింటారు, ఏ మొక్కులు మొక్కుతారు, పెళ్ళి ఎలా చేస్తారు, అన్నీ ఉన్నాయి. బయటి నుంచి వచ్చి చూసినవాళ్ళు చూసినంత రాశారు. ఆ పెళ్ళిలో పెళ్ళికూతురి మనసులో ఏముందో మాత్రం ఆ పుస్తకంలో దొరకదు.

మన నెల్లూరు జిల్లావారే అయిన వెన్నెలకంటి రాఘవయ్య గారు మరో రకం మనిషి. స్వాతంత్ర్యోద్యమంలో పనిచేస్తూనే యానాదుల గూడేలు తిరిగి, వాళ్ళ హక్కుల కోసం నిలబడ్డారు. దశాబ్దాల పాటు కళ్ళారా చూసినదాన్ని 1962లో యానాదుల మీద ఇంగ్లీషు పుస్తకంగా తెచ్చారు. తర్వాత సంచార జాతుల మీద, గిరిజన తిరుగుబాట్ల మీద కూడా రాశారు. 1973లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. మనవాళ్ళ కోసం ఇంత చేసిన మనిషికి మనం ఎప్పుడూ రుణపడి ఉంటాం. అయినా ఆయన యానాది ఇంట్లో పుట్టలేదు. ఆయన ఆపిన చోట అందుకుని రాయాల్సింది మనమే.

కొండకు ఆవల మొల్ల

ఉదయగిరి కొండలు దాటి బద్వేలు వైపు దిగితే కడప జిల్లా. అక్కడి గోపవరమే కవయిత్రి మొల్ల ఊరని చాలామంది చెబుతారు. నెల్లూరు జిల్లావాళ్ళు ఆమె మనావిడే అంటారు. ఎవరి లెక్క ఎలా ఉన్నా, కుమ్మరి ఇంట పుట్టిన ఆ తల్లి సుమారు 870 పద్యాలతో తేట తెలుగులో రామాయణం రాశారు. ఆ పుస్తకం మొదట్లోనే ఆమె ఒక మాట చెప్పుకున్నారు. తనకు నిఘంటువులు తెలియవు, ఛందస్సు తెలియదు, శాస్త్రాలు చదవలేదు అని. ఇప్పటి మన పిల్లల మాటలో చెప్పాలంటే "నాకేం తెలుసు మేడం" అన్నమాటే.

తేడా ఎక్కడుందో చూడండి. మన పిల్లలు ఆ మాట అని పెన్ను కింద పెడతారు. మొల్ల ఆ మాట కూడా పద్యంలోనే చెప్పి, రామాయణం పూర్తి చేశారు. తెలియదన్న మాటను ఆమె తొలి పేజీ చేసుకున్నారు.

మొల్ల ఐదు రోజుల్లో రామాయణం రాసేశారని ఒక కథ ప్రచారంలో ఉంది. వినడానికి బాగుంటుంది. కానీ ఇటువంటి కథలే కొత్తగా రాసేవాళ్ళను భయపెడతాయి. గొప్పవాళ్ళు కూర్చుంటే చాలు అక్షరాలు వాటంతట అవే రాలిపడతాయని, మనకు రాలడం లేదు కాబట్టి మనం రాయలేమని అనుకుంటాం. కుండ చేయడం చూసినవాళ్ళకు తెలుసు. మట్టి తేవాలి, రాళ్ళు ఏరాలి, నానబెట్టాలి, తొక్కాలి, సారె మీద పెట్టాలి, ఆరబెట్టాలి, కాల్చాలి. ఏ ఒక్కటి మానినా కుండ నిలవదు. రచనా అంతే.

దూబగుంట పలకలు

మనకు ఇంకా దగ్గరి చరిత్రకు వద్దాం. దూబగుంట అనే పేరు తెలుగు అక్షరాల చరిత్రలో రెండుసార్లు వస్తుంది. ఉదయగిరి రాజ్యం వెలుగుతున్న 15వ శతాబ్దంలో దూబగుంట నారాయణ కవి పంచతంత్రాన్ని తెలుగు పద్యాల్లో రాశారు. ఐదు వందల ఏళ్ళ తర్వాత, వింజమూరుకు పక్క మండలమైన కలిగిరిలోని దూబగుంట ఊళ్ళో చదువురాని ఆడవాళ్ళు రాత్రిపూట లాంతరు చుట్టూ పలకలు పట్టుకు కూర్చున్నారు.

అవి 1990 తర్వాతి రోజులు. కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో మొదలైన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నెల్లూరు జిల్లాకూ వచ్చింది. పగలంతా కూలికి పోయిన ఆడవాళ్ళు రాత్రి బడికి వచ్చి అక్షరాలు దిద్దారు. వాళ్ళ వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. సారా వల్ల గుల్లయిన ఇంటి కథ. అది చదువుతుంటే వాళ్ళకు తమ ఇల్లే కనిపించింది. పుస్తకంలో ఉండేది రాజులు, దేవతలు మాత్రమే కాదు, మన ఇంటి సంగతి కూడా పుస్తకంలో ఉండొచ్చు అని మొదటిసారి తెలిసింది. దూబగుంట రోశమ్మ గారు, ఆమెతో పాటు ఊరి ఆడవాళ్ళు కలిసి సారా అంగడి మూయించారు.

ఆ తర్వాత జరిగిన సంగతి రాయాలనుకునే ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవాలి. దూబగుంట ఆడవాళ్ళు చేసిన పని 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠంగా తర్వాతి వాచకంలోకి ఎక్కింది. నిన్న పాఠం చదివినవాళ్ళే ఇవాళ పాఠమయ్యారు. ఆ పాఠం చదివిన పక్క ఊళ్ళ ఆడవాళ్ళు కదిలారు. వాళ్ళ నుంచి జిల్లా, జిల్లా నుంచి రాష్ట్రం కదిలింది. జిల్లాలో సారా వేలం పాటలు మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15న మన నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలైంది. 1997లో దాన్ని సడలించారన్నదీ నిజమే. చట్టాలు వస్తాయి, పోతాయి. కానీ పెద్దబాలశిక్ష కూడా ముట్టని చేతులు రాష్ట్ర చరిత్ర పుస్తకంలో ఒక పేజీ సంపాదించుకున్నాయన్నది ఎవరూ సడలించలేరు.

పుస్తకంలో తన బతుకు కనిపించినప్పుడు చదివేవాళ్ళకు ధైర్యం వస్తుంది. మన పిల్లల వాచకాల్లో మన గూడెం ఎంత తక్కువగా కనిపిస్తుందో అందరికీ తెలుసు. ఆ ఖాళీ పూడ్చే పని ఎవరిదో వేరే చెప్పాలా?

పదేళ్ళు ఆగిన నవల

ఇక ఓర్పు సంగతి. కేరళలో నారాయణ్ అనే ఆయన ఉండేవారు. మలయరయర్ అనే గిరిజన తెగలో పుట్టి, తపాలా శాఖలో ఉద్యోగం చేశారు. ఆదివాసుల గురించి ఇతరులు రాసిన కథలు, వాటిలో తమవాళ్ళను చూపించే తీరు ఆయనకు నచ్చలేదు. ఉద్యోగం చేసుకుంటూనే తన వాళ్ళ బతుకు మీద 'కొచ్చరేత్తి' అనే నవల రాశారు. రాయడం పూర్తయ్యాక అది అచ్చు కావడానికి దాదాపు పదేళ్ళు పట్టింది. 1998లో పుస్తకం వచ్చింది. మరుసటి ఏడాదే కేరళ సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 2011లో ఇంగ్లీషులోకి కూడా వెళ్ళింది. మలయాళంలో ఒక ఆదివాసి రాసిన తొలి నవలగా దాన్ని ఇప్పుడు విద్యార్థులు చదువుతున్నారు.

ఆ పదేళ్ళలో ఆయన ఎన్నిసార్లు ఉత్తరాల సంచి మోసిన మనుషులను చూసి ఉంటారో, ఎన్నిసార్లు తన కట్టను తీసి మళ్ళీ లోపల పెట్టి ఉంటారో మనం ఊహించుకోవాల్సిందే. మనం పంపిన కథ రెండు నెలల్లో అచ్చు కాకపోతే ఇక రాయడం మానేస్తాం. ఎవరో ఒకరు బాగాలేదంటే నోటుబుక్కు చించేస్తాం. ఆ కట్టను ఆయన చించేసి ఉంటే ఆ తెగ కథ మళ్ళీ ఇతరుల చేతుల్లోనే ఉండిపోయేది.

మిల్లు కార్మికుడు, తండా కుర్రాడు

మహారాష్ట్రలో లక్ష్మణ్ గైక్వాడ్ గారి కథ మనకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. నేరజాతిగా ముద్రపడిన ఉచల్యా కులంలో పుట్టారు. లాతూరులో నూలు మిల్లులో పనిచేశారు. తన బతుకునే 'ఉచల్యా' పేరుతో మరాఠీలో పుస్తకంగా రాశారు. 'ఉచల్యా' అంటే చేతివాటం చూపేవాడు అని లోకం పెట్టిన పేరు. ఏ పేరుతో లోకం అవమానించిందో ఆ పేరునే అట్ట మీద పెట్టారు. 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ పుస్తకానికే వచ్చింది. ఠాణా రిజిస్టరులో ఎక్కిన కులం పేరు పురస్కారాల పట్టికలోకి ఎక్కింది.

మన తెలుగులోనూ ఉన్నారు. నిజామాబాద్ జిల్లాలోని ఒక తండాలో 1997లో పుట్టిన రమేశ్ కార్తీక్ నాయక్ 2018లో 'బల్దేర్ బండి' కవితలతో మొదలుపెట్టి, 'ధావ్లో' కథల పుస్తకానికి 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం అందుకున్నారు. ధావ్లో అంటే బంజారా పెళ్ళిలో ఆడపిల్ల అత్తవారింటికి పోయేటప్పుడు పాడుకునే ఏడుపు పాట. మన సుగాలి తండాల్లో ఆ పాట తెలియని అవ్వ ఉండదు. ఆ కుర్రాడు కొత్త వస్తువు ఎక్కడి నుంచో తేలేదు, తన ఇంటి ముంగిట ఉన్నదాన్ని ఎత్తుకున్నాడు. ఎరుకల బతుకుల మీద పలమనేరు బాలాజీ గారు 'ఏకలవ్య కాలనీ' కథలు రాశారు. లిపి లేని మన భాషల కోసం ఆచార్య సత్తుపాటి ప్రసన్నశ్రీ గారు లిపులు రూపొందించారు. కాబట్టి దారి లేదనుకోకండి. మనకంటే ముందు నడిచినవాళ్ళ అడుగులు కనబడుతూనే ఉన్నాయి.

ధైర్యం ముందా, రాత ముందా?

ఇంతమంది కథలు ఎందుకు చెప్పామంటే ఒక్క సంగతి కోసం. వీళ్ళలో ఎవరూ ధైర్యం వచ్చేదాకా ఆగి, ఆ తర్వాత రాయడం మొదలుపెట్టలేదు. మొల్ల తెలియదంటూనే రాశారు. దూబగుంట ఆడవాళ్ళు వణికే చేత్తోనే అ ఆలు దిద్దారు. నారాయణ్ గారు అచ్చవుతుందన్న హామీ లేకుండా రాశారు. రాస్తూ ఉంటేనే ధైర్యం వచ్చింది. ఈత నేర్చుకోవడం లాంటిదే ఇది. చెరువు గట్టు మీద కూర్చుని ఎవరూ ఈత నేర్చుకోలేదు.

టీచర్ ట్రైనింగులో మాకు నేర్పిందీ, ఇన్నేళ్ళుగా పిల్లల దగ్గర చూసిందీ కలిపి కొన్ని మాటలు చెబుతాం. ఇవి పెద్ద సూత్రాలేమీ కావు.

మొదటిది, రోజుకు అర పేజీ. అంతకంటే ఎక్కువ వద్దు. నచ్చినా నచ్చకపోయినా అర పేజీ. సంవత్సరం తిరిగేసరికి 180 పేజీలు దాటుతాయి. అందులో 20 పేజీలు బాగున్నా మీ దగ్గర ఒక చిన్న పుస్తకానికి విత్తనం ఉన్నట్టే. మా వసతి గృహంలో రాత్రి చదువు గంట చివర్లో ఈ అర పేజీ రాయిస్తున్నాం. మొదటి నెల "ఈరోజు అన్నం, సాంబారు తిన్నాం" అని రాస్తారు. రెండో నెల "సాంబారు మా అమ్మ చేసే పులుసులా లేదు" అంటారు. మూడో నెలకు అమ్మ పులుసు ఎలా చేస్తుందో, చింతపండు లేని రోజు ఏం వేస్తుందో రాస్తారు. కథ అక్కడ మొదలవుతుంది.

రెండోది, ఇంటి మాటలోనే మొదలుపెట్టండి. మా పిల్లలు ఇంట్లో ఒక మాట, బడిలో ఒక మాట మాట్లాడతారు. బడి మాటలో రాయబోతే తప్పు పోతుందేమోనని ఆగిపోతారు. తొలి ప్రతిని మీ అవ్వకు చెబుతున్నట్టు రాయండి. పొల్లులు, ఒత్తులు తర్వాత సరిచేసుకోవచ్చు. తొలి ప్రతి మీద మేము ఎర్ర సిరా పెట్టం. ఏ సంగతి బాగుందో మాత్రం చెబుతాం. రెండో ప్రతికి అక్షరదోషాలు చూస్తాం.

మూడోది, రాసినదాన్ని గట్టిగా చదివి వినిపించండి. మన జాతి చెవితో బతికిన జాతి. పాట, కథ, మొక్కు అన్నీ చెవుల మీదుగానే వచ్చాయి. వాక్యం ఎక్కడ కుంటుతుందో కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది. ఒకరికి వినిపించడం అలవాటైతే పదిమంది ముందు నిలబడడం కష్టమనిపించదు.

నాలుగోది, ఎవరైనా బాగాలేదంటే ఎక్కడ బాగాలేదో అడగండి. ఎక్కడో చెప్పగలిగితే దిద్దుకోండి, ఆ మనిషి మీకు మేలు చేసినట్టే. చెప్పలేక ఊరికే నవ్వితే ఆ నవ్వు వాళ్ళ దగ్గరే వదిలేసి రండి. నోటుబుక్కు మాత్రం చించకండి. తేదీ వేసి దాచుకోండి. ఏడాది తర్వాత తీసి చూసుకుంటే ఎంత దూరం వచ్చారో మీకే తెలుస్తుంది.

ఆలస్యం చేయకూడని పని

ఏం రాయాలి అని అడిగేవాళ్ళకు పని చాలా ఉంది. కుండలో పొగ పెట్టి ఎలుక బొరియలోకి ఊదే పద్ధతి మీ తాతకు తెలుసు. పాము కరిస్తే ఏ ఆకు కోసం పరుగెత్తేవారో, ఇప్పుడు ఆసుపత్రికే పోవాలని ఎందుకు చెబుతున్నారో ఆయననే అడగండి. ఎరుకల అవ్వ సోది చెప్పేటప్పుడు మొదట ఏ దేవతను తలుస్తుందో, ఈతాకుతో బుట్ట అల్లేటప్పుడు ఎక్కడ మొదలుపెడుతుందో రాసుకోండి. తండాలో ఏ ఇంటివాళ్ళు ఏ ఊరి నుంచి ఎప్పుడు వచ్చారో అడగండి. శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగిరిందని పేపర్లు రాస్తాయి. రాకెట్ కేంద్రం రాకముందు ఆ దీవిలో బతికిన యానాదుల మాట ఎన్ని పేపర్లు రాశాయి? వెట్టి పనికి కుదిరిన ఇంటివాళ్ళు, వలస పోయిన ఇంటివాళ్ళు, మొదటిసారి పట్టా తీసుకున్న ఇంటివాళ్ళు, అందరి దగ్గరా చెప్పాల్సిన సంగతి ఉంది.

ఈ పని వాయిదా వేసేది కాదు. సెలవులకు ఇంటికి పోయి వచ్చిన పిల్లలు ప్రతిసారీ ఎవరో ఒక పెద్దాయనో పెద్దమ్మో పోయారని చెబుతుంటారు. పోయిన ప్రతి మనిషితో పాటు కొన్ని పాటలు, కొన్ని చెట్ల పేర్లు, కొన్ని చెరువుల కథలు పోతున్నాయి. చేతిలో ఫోను ఉన్నవాళ్ళు ముందు గొంతు రికార్డు చేయండి. ఆ రాత్రే కూర్చుని కాగితం మీద పెట్టండి. చెప్పినవాళ్ళ పేరు, ఊరు, తేదీ కింద రాయండి. ఎవరైనా వద్దంటే వాళ్ళ పేరు రాయకండి. చరిత్రకారులు చేసే పని ఇదే.

మన తాతల వేలిముద్రలు అడగకుండా తీసుకున్నారు. మీ చేతిరాత మీ ఇష్టంతో వచ్చేది. వచ్చే ఏడాది ఈ ప్రత్యేక సంచిక తెచ్చేటప్పుడు ఉదయగిరి, ఆత్మకూరు, వింజమూరు వైపు నుంచి మీ పేర్లతో వ్యాసాలు రావాలని మేము ఎదురుచూస్తుంటాం. పెద్దది అక్కరలేదు. మీ అవ్వ చెప్పింది, మీరు విన్నది, రెండు పేజీలు చాలు. ఈ రాత్రి అర పేజీతో మొదలుపెట్టండి.